చావింట్లో అనకూడని మాట

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరం మనుషుల వెంట పడి తిరిగాం. నేను బతికున్నవాళ్ళ వెంట, మా నాన్న పోయినవాళ్ళ వెంట. నాన్న పనే మేలు. ఆయన వెళ్ళిన చోట తలుపులు తీసి ఉండేవి.

నాన్న ఫర్రాష్. మా దర్బ్ అల్ అహ్మర్ పేటలో ఎవరింట్లో చావైనా పెళ్ళైనా వీధికి అడ్డంగా రంగు గుడ్డల షామియానా కట్టి, కుర్చీలు వేసి, కాఫీ పంచేది ఆయనే. నైలుకి అవతల పెద్దవాళ్ళ పేటల్లో ఇప్పుడు వీధుల్లో షామియానాలు వేయరు. మసీదుల పక్కన పరామర్శల కోసమే కట్టిన హాళ్ళున్నాయి. అలాంటి ఒక హాల్లో ముప్పై ఏళ్ళుగా కాఫీ పళ్ళెం నాన్నదే. ఇల్లు గడిచేది అసలు దాంతోనే. చలికి ముసలివాళ్ళు తట్టుకోలేరు కాబట్టి మాకది కోతల కాలం. "దేవుడు క్షమించాలి గానీ, ఈ ఏడు పంట బాగుంది" అనేవాడు నాన్న, బూట్లు విప్పుకుంటూ. "ఛీ, ముందు ఆ నోరు కడుక్కో" అనేది అమ్మ.

ఆ ఏడు నాన్నకి మోకాళ్ళు రెండూ పట్టేశాయి. షామియానాలూ సామానూ తను కొనుక్కుంటానని నాన్న పినతండ్రి కొడుకు సబ్రీ వచ్చి కూర్చున్నాడు. నాన్న రంజాన్ దాకా గడువు అడిగాడు.

"మావాడికి ఏదైనా బొమ్మల కంపెనీలో చోటు దొరికిందా, సామాను నీది. దొరకలేదా, వాడిది. వాడే మోస్తాడు" అన్నాడు, నేను అక్కడే ఉండగా.

సబ్రీ నా చేతుల వంక చూసి నవ్వాడు. "పెన్సిలు కంటే గుంజ బరువురా అబ్బాయ్."

నాది యానిమేషన్‌లో చివరి ఏడాది. రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెల దాటేలోపు ఏదో ఒక స్టూడియోలో పనిచేస్తున్నట్టు ఉత్తరం తెచ్చి ఇవ్వాలి, లేకపోతే ఏడాది పోతుంది. స్టూడియోలు మనుషుల్ని తీసుకునేది రంజాన్‌కి ముందు మూడు నెలలే. ఊరంతా ఉపవాసం విడిచి టీవీ ముందు చేరే నెల అది. ఆ నెలకి కావలసిన కార్టూన్లన్నీ ఈ మూడు నెలల్లోనే గీసి పారేస్తారు. ఆ మూడు నెలల్లో దొరికితే దొరికినట్టు, లేకపోతే గుంజలు మోసుకోవడమే.

మాకు ఆ ఏడు బొమ్మలు నేర్పడం ఆపేసి మమ్మల్ని మేం అమ్ముకోవడం నేర్పారు. దాని పేరు పరిచయ కళ. చెప్పేది డాక్టర్ షాహీనాజ్ మేడమ్. ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినీ గోడవారగా నిలబెట్టి, అది లిఫ్టు అనుకోమనేవారు. పక్కన ఎవరో స్టూడియో యజమాని ఉన్నాడు. ఆరో అంతస్తు వచ్చేలోపు మనం ఆయన మనసులో ఉండిపోవాలి.

"వగ్దీ, నువ్వు రా. నవ్వు. పళ్ళు కాదయ్యా, కళ్ళు నవ్వాలి. ఆఁ, అలా. పేరు?"

"వగ్దీ బయ్యూమీ. నేను బాగా గీస్తాను..."

"అందరూ బాగానే గీస్తారు. మీ నాన్నగారేం చేస్తారు?"

"సామాను అద్దెకిస్తారు మేడమ్. కుర్చీలు, షామియానాలు. ఫంక్షన్లకి."

"ఈవెంట్స్. చాలా బాగుంది. మా కుటుంబం ఈవెంట్స్ రంగంలో ఉంది అను. జనానికి కథ కావాలి, కుర్చీలు కాదు."

"ఏం ఈవెంట్లు అని అడిగితే, మేడమ్?" అంది వెనక నుంచి లుజైన్. మా బ్యాచిలో నాతో కాస్త చనువుగా ఉండే పిల్ల. మా నాన్న సంగతి దానికి తెలుసు.

"అడిగేలోపు ఆరో అంతస్తు వచ్చేస్తుంది" అన్నారు మేడమ్.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళతోనే.

మేడమ్ చెడ్డమనిషి కాదు. ఆమె చెప్పినవన్నీ నోట్సు రాసుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదు. వారానికి పదిమంది కొత్తవాళ్ళని కలవాలి. జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి, సిగ్గుపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, విడిపోయేటప్పుడు అన్న మాటే ఎదుటివాడికి గుర్తుంటుంది. ఊరికే లేచి రాకుండా ఏదో ఒక చల్లని మాట అని లేవాలి.

కలిశాను. ప్రదర్శనల దగ్గర గుమ్మాల్లో నిలబడి కలిశాను. స్టూడియోల కింద టీ కొట్ల దగ్గర, పైనుంచి ఎవరైనా సిగరెట్టుకి దిగితే కలిశాను. ముక్కూమొహం తెలియనివాళ్ళకి "మీ పనంటే ప్రాణమండీ" అని చెప్పాను. వాళ్ళల్లో సగంమంది మంచివాళ్ళు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేవారు, లింకు పంపమనేవారు. తాగి కప్పు కింద పెడుతూ నేను "దాయ్మా" అనేవాణ్ణి. ఎవరి చేతి కాఫీ తాగినా, ఎవరింట భోంచేసినా మా ఊళ్ళో అనే మాటే అది. ఎప్పుడూ ఇలాగే జరుగుతుండాలి అని దీవించడం. మేడమ్ చెప్పిన చల్లని మాటకి అంతకంటే మంచిది నాకు తోచలేదు. రోజుకి మూడు కాఫీలు, మూడు దాయ్మాలు. రాత్రి పక్కమీద వాలితే బుగ్గలు నొప్పి పెట్టేవి. పని చేసి అలిసిపోవడం వేరు, ఇది వేరు. గోడకి మొహం తిప్పుకుని పడుకుంటే గోడకి కూడా నవ్వాలేమో అనిపించేది.

నా సినిమా రెండు నిమిషాలు. లింకు ఎంతమంది తెరిచారో ఫోన్లో కనిపించేది. మూడు. ఒకటి నేను, ఒకటి అమ్మ, మూడోది కూడా నేనే, కాలేజీ కంప్యూటర్లో.

జనవరి చివరికి లుజైన్‌కి ఉత్తరం వచ్చేసింది. దాచుకోలేదు, వచ్చి చెప్పేసింది. "మా మేనమామ ఫోన్ చేశాడు. అంతే. నా బొమ్మ ఒక్కటి కూడా చూడలేదు వాళ్ళు. నీకెవరున్నారు వగ్దీ?"

"మా నాన్న."

"ఆయన ఎవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు. కాకపోతే వాళ్ళు ఏడుస్తున్నప్పుడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఊళ్ళో అందరికంటే పెద్ద స్టూడియో రఊఫ్ మద్కూర్‌ది. ఆ రంజాన్‌కి ఆయన ముప్పై భాగాల సీరియల్ తీస్తున్నాడని, ఇంకా మనుషులు చాలడం లేదని అందరూ చెప్పుకుంటున్నారు. నేను పదకొండు మెయిళ్ళు పెట్టాను. పన్నెండోది రాస్తుండగా అమ్మ అన్నానికి పిలిచింది.

నాన్న అప్పుడే వచ్చి కూర్చున్నాడు. వేడి పప్పు సూపులో రొట్టె ముంచుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "మీ మద్కూర్ ఉన్నాడే, బొమ్మల ఆయన. ఆయన తల్లి పోయింది. రేపు సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత పరామర్శ. మా హాల్లోనే."

నేను చెంచా కింద పెట్టాను.

"నువ్వూ రా" అన్నాడు.

"చావింటికి పని అడుక్కోడానికా?" అంది అమ్మ. "తండ్రీకొడుకులిద్దరికీ సిగ్గుండాలి."

"అడుక్కోమని ఎవరన్నారే? కనపడమన్నాను. నీకు తెలీదే ఇన్షిరాహ్, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ హాల్ని. ఏడవడానికి వచ్చేవాళ్ళు పదిమంది. మిగతా వాళ్ళంతా నేనొచ్చాను చూడు అని మొహం చూపించి పోయేవాళ్ళే. మంత్రులే వస్తారు. మనవాడి మొహానికేం రోగం?"

"నాన్నా, అది బాగోదు."

"అయితే లిఫ్టులో దొరుకుతాడేమో చూసుకో." మేడమ్ పాఠాలు నేనింట్లో చెబుతూ ఉండేవాణ్ణి, ఆయన ఒక్కటీ మరిచిపోలేదు. "విను. గుమ్మంలో వరసగా నిలబడతారు, చేయి కలుపు. శాశ్వతుడు దేవుడొక్కడే అను. లోపల నేను చూపించిన కుర్చీలో కూర్చో. షేక్ ఖురాన్‌లో ఒక భాగం చదివి ఆగుతాడు, అప్పుడు కాఫీ ఇస్తాను, తాగు. రెండో భాగం విను, లే, వచ్చెయ్. నోరు విప్పకు. ఆయన ఏదైనా అడిగితే చెప్పు, లేకపోతే లేదు. ఇంకో మాట. అక్కడ నేను నీకు తెలీదు."

"అదేంటి?"

"ఫర్రాష్ కొడుకు వచ్చి పెద్దవాళ్ళ పక్కన కుర్చీలో కూర్చున్నాడని తెలిస్తే ఫర్గలీ నన్ను గడప తొక్కనివ్వడు." ఫర్గలీ ఆ హాలుకి మేనేజరు. నాన్న ఆయన పేరు ఇంట్లో కూడా మెల్లిగానే పలికేవాడు.

అమ్మ లేచి వెళ్ళి మా పెద్దమ్మ కొడుకు పెళ్ళికి నాకు కుట్టించిన కోటు తీసి ఇస్త్రీ చేసింది. చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

మర్నాడు హాలు గుమ్మంలో కొడుకులూ అల్లుళ్ళూ వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేయీ కలుపుతూ దాటాను. నాలుగో చేయి మద్కూర్‌ది. పేపర్లో చూసిన మొహమే, గడ్డం మాసి ఉంది. నా చేయి పట్టుకున్నాడు గానీ నన్ను చూడలేదు. చూడాలని నేనూ అనుకోలేదు. అబద్ధం, అనుకున్నాను.

లోపల కుర్చీలన్నీ నిండిపోయాయి. ఇంటివాళ్ళ బెంచీకి ఆనుకుని ఒక్క కుర్చీ మీద మాత్రం టిష్యూ పేపర్ల పెట్టె పెట్టి ఉంది. నాన్న నల్లకోటులో వచ్చి, ఆ పెట్టె తీసి, తల వంచి, "దయచేయండి బే" అన్నాడు నాతో. మా నాన్న నన్ను దొరల్ని పిలిచినట్టు బే అని, మీరు అనడం అదే మొదటిసారి. నేను ఆయన వంక చూడకుండా కూర్చున్నాను.

షేక్ చదవడం ఆపి, మైకు కట్టేసి, నీళ్ళు తాగాడు. కొందరు లేచి వెళ్ళారు, కొందరు వచ్చారు. గుమ్మంలో నిలబడి నిలబడి కాళ్ళు లాగాయేమో, మద్కూర్ వచ్చి బెంచీ చివర కూలబడ్డాడు. నా పక్కనే. నాన్న లెక్కంతా అదేనని నాకప్పుడు అర్థమైంది. నాన్న పళ్ళెంతో వచ్చాడు. చక్కెర లేని కాఫీ, మద్కూర్‌కొకటి, నాకొకటి.

మద్కూర్ ఒక గుక్క తాగి మర్యాదకి నావైపు తిరిగాడు. "శ్రమ తీసుకున్నారు. మీరు మావాళ్ళల్లో..."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

"కాదండీ. యానిమేషన్ చదువుతున్నాను. మీ పని చూస్తూ పెరిగినవాణ్ణి. అమ్మగారి సంగతి తెలిసి రాకుండా ఉండలేకపోయాను."

అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకే తెలీదు. ఆయన తలూపాడు. "మా అమ్మకి నా బొమ్మలంటే చిరాకు" అన్నాడు, ఎటో చూస్తూ. "గడ్డం నెరిసింది, ఇంకా ఈ ఎలుకలేంట్రా అనేది."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ చలికాలం మొత్తంలో నాతో మనిషి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆయనొక్కడే. నేను కాఫీ గుటుక్కున తాగేశాను. కప్పు నాన్న చేతిలోని పళ్ళెంలో పెట్టాను. ఆ చలికాలమంతా నవ్విన నవ్వే నవ్వాను.

"దాయ్మా, మద్కూర్ బే" అన్నాను.

చావు కాఫీకి ఆ మాట అనరు. పాలు మరవని పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఎప్పుడూ ఇలాగే జరుగుతుండాలి అంటే, ఈ ఇంట్లో ఇంకా శవాలు లేవాలనే కదా. మా వీధిలో ఆ ఒక్కమాట మీద రెండు కుటుంబాలకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. షామియానాల బయ్యూమీ కొడుకుని, పుట్టిందగ్గర్నుంచీ ఆ కాఫీ వాసనలోనే పెరిగినవాణ్ణి, నేనన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మైకు కట్టేసి ఉంది కాబట్టి నాలుగు వరసల దాకా వినపడింది.

మద్కూర్ తాగుతున్న కప్పు కింద పెట్టేశాడు. ఆయన అన్నగారు జడ్జీ. బెంచీ మీదున్న ఆ అన్నగారు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నావు?" గొంతు పెంచలేదు. "ఎప్పుడూనా? ఇంకెవరు పోవాలి మా ఇంట్లో? ఎవరీ అబ్బాయి? ఎవరి తాలూకు?"

ఫర్గలీ గుమ్మం దగ్గర్నుంచి ఇటే వస్తున్నాడు.

నాన్న పళ్ళెం నేలమీద పెట్టాడు. మోకాళ్ళు వంగవు, ఒక చేత్తో గోడ పట్టుకుని మెల్లిగా దించాడు. పని మధ్యలో ఆయన పళ్ళెం దించడం నేనెప్పుడూ చూడలేదు.

"వీడు నా కొడుకు బే" అన్నాడు. "ఇంట్లో నా చేత్తో కాఫీ ఇచ్చినప్పుడల్లా ఆ మాట అంటాడు. అలవాటు. ఇప్పుడూ కప్పు నా చేతిలోనే పెట్టాడు కదా, నోరు దానంతటదే అనేసింది. ఆ మాట నాకన్నది. తగిలితే నాకు తగలాలి, మీ గడపకి కాదు."

జడ్జీగారు ఫర్గలీ వైపు తిరిగాడు. "కాఫీ ఇచ్చేవాళ్ళు కొడుకుల్ని కూడా తెచ్చుకుని మా మధ్య కూర్చోబెట్టుకుంటారా ఇక్కడ?"

ఫర్గలీ నోరు తెరిచేలోపే షేక్ దగ్గి, మైకు పెట్టి, రెండో భాగం మొదలుపెట్టాడు. చదువుతుండగా ఎవరూ లేవకూడదు. జడ్జీగారు కూర్చున్నాడు. మద్కూర్ కూర్చునే ఉన్నాడు. నేను కూడా కూర్చునే ఉండాల్సి వచ్చింది, ఆ భాగం అయిందాకా, ఆ కోటులో, ఆ కుర్చీలో, అందరి కళ్ళూ నా మెడ మీద. నాన్న పళ్ళెం ఎత్తుకుని అవతలి వరసకి వెళ్ళాడు. ఎవరి కప్పూ తొణకలేదు.

పని అయ్యి బయటికి వచ్చాక నాన్న తోపుడుబండి దగ్గర ఆగి, కాల్చిన చిలగడదుంప ఒకటి కొని, నాకు సగం విరిచి ఇచ్చాడు.

"ఆ షేక్ గొంతు ఇవాళ పట్టేసింది, గమనించావా?" అన్నాడు.

"నాన్నా. ఇంట్లో నేనెప్పుడన్నాను ఆ మాట?"

"అనవూ?"

"ఒక్కసారి కూడా అనలేదు. కప్పు ఎక్కడుంటే అక్కడ వదిలేసి పోతాను."

ఆయన దుంప తొక్క తీస్తున్నాడు. "అనే ఉంటావులే, నీకు గుర్తులేదు" అన్నాడు. "తిను, చల్లారిపోతుంది."

నాలుగు రోజులకి ఫోను వచ్చింది. ఎవరో ఆవిడ. "బయ్యూమీ గారి అబ్బాయేనా? శనివారం నుంచి రమ్మన్నారు సార్." నా మెయిళ్ళ గురించి అడగలేదు, లింకు అడగలేదు. వెళ్ళాను. ఉత్తరం చేతిలో పెట్టి, కుర్చీ చూపించారు. మద్కూర్ ఆ గదిలోకే రాలేదు.

ఉత్తరం చూసి షాహీనాజ్ మేడమ్ పొంగిపోయారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "వగ్దీ – పదకొండు మెయిళ్ళు" అని రాశారు. "చూశారా, సిగ్గుపడని వాడికి దొరికింది" అన్నారు. లుజైన్ నా వైపు చూసింది. నేను నోట్సులోకి చూసుకున్నాను. ఆ రాత్రి నాన్న ఆ బోర్డు సంగతి నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

స్టూడియోలో నా పని గాడిద చెవులు. నీళ్ళమ్మే మనిషీ, వాడి గాడిదా కథ. గాడిద నడుస్తుంటే చెవులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళాలి, ఆ మధ్యలో వచ్చే బొమ్మలు నావి. నెలన్నర చెవులే గీశాను. ఎవరినీ చూసి నవ్వక్కర్లేదు. హాయిగా ఉంది అని చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, హాయిగానే ఉంది.

ఇంట్లో మాత్రం నాన్న సాయంత్రాలు ఉండటం మొదలుపెట్టాడు. మొదట నేను పట్టించుకోలేదు. ఒకరోజు అమ్మ వంటింట్లోకి పిలిచి మెల్లిగా చెప్పింది. "హాలు నుంచి పిలుపు రాక మూడు వారాలైంది. అడిగితే చావులు తగ్గాయి అంటాడు. ఫిబ్రవరిలో చావులు తగ్గుతాయిట్రా ఎక్కడైనా?"

నేను ఫర్గలీ దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"మీ నాన్న అంటే నాకు గౌరవం" అన్నాడు. "కానీ ఫర్రాష్ అంటే గోడ. గోడ మాట్లాడకూడదు బాబూ. ముప్పై ఏళ్ళు మాట్లాడలేదు, ముప్పై ఏళ్ళున్నాడు. జడ్జీగారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ ముసలాడు కనపడితే మా వాళ్ళెవరూ మీ హాలుకి రారు అన్నారు. నేనేం చేయను?"

"ఏ దారీ లేదా?"

"మద్కూర్ గారు వాళ్ళన్నకి ఒక్క మాట చెబితే అయిపోతుంది. నువ్వక్కడే పనిచేస్తున్నావటగా. అడుగు."

అడుగు. ఆ చలికాలం నేను నేర్చుకున్నదే అది.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, మద్కూర్ మా గదిలోకి వచ్చాడు. బల్లల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగి, చెవుల వంక చూశాడు. "ఎడమది కాస్త ఆలస్యంగా కదలనీ" అన్నాడు. వెళ్ళబోయి ఆగాడు.

"మీ నాన్నగారి మోకాళ్ళెలా ఉన్నాయి?"

గదిలో ఏడుగురున్నారు. నాకు ఇంకా నెల జీతం కూడా రాలేదు. అడుక్కునేవాడి కొడుకు అడుక్కునేవాడే అనుకుంటారేమో అనిపించింది. కొత్తగా దొరికిన కుర్చీ కింద నుంచి లాగేస్తారేమో అనిపించింది. నాకోసం ఊరంతా తిరిగి అడిగినవాణ్ణి, అరనిమిషం ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడితే, ఒక్క ముక్క అడగలేకపోయాను.

"బాగున్నాయండీ" అన్నాను.

"మంచిది" అని వెళ్ళిపోయాడు. నేను ఎడమ చెవి మళ్ళీ గీశాను.

షాబాన్ ఆఖరి వారంలో సబ్రీ బండి తెచ్చాడు. గుంజలు, తాళ్ళు, కుర్చీలు, రంగు గుడ్డలు అన్నీ ఎక్కించారు. వీధిలో జనం నిలబడి చూస్తున్నారు.

"ఏం బయ్యూమీ, అమ్మేశావా?"

"మావాడికి చోటొచ్చేసిందిగా" అన్నాడు నాన్న, అరుగు మీద కూర్చుని. "పదకొండు ఉత్తరాలు రాశాడు, వాళ్ళే పిలిచారు. ఇంక నాకెందుకీ బరువు?"

వినేవాళ్ళంతా నిజమే అన్నారు. సబ్రీ కూడా నిజమే అన్నాడు. అమ్మ ఆఖరి గుడ్డ మడత పెట్టి ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బండి ఎక్కించడంలో సాయం చేశాను. గుంజలు బరువుగానే ఉన్నాయి.

రంజాన్ మొదటి సాయంత్రం నాన్న వీధిలో సగంమందిని మా గదిలోకి పిలిచాడు. ఫిరంగి మోగి, ఉపవాసం విడిచి, అందరూ నేలమీద సర్దుకుని కూర్చున్నారు. అమ్మ ఖతాయెఫ్ మిఠాయి పంచింది. సీరియల్ మొదలైంది. పది నిమిషాలు. గాడిద నడిచింది. "ఆ చెవులు మావాడివే" అన్నాడు నాన్న. "అయితే పోలిక ఉందిలే" అన్నాడు ఎదురింటి మంగలి, అందరూ నవ్వారు.

"ఇప్పుడు పేర్లు పడతాయి. ఎవరూ మాట్లాడకండి" అన్నాడు నాన్న. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచి పెట్టుకున్నాడు. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు.

పేర్లు పడటం మొదలైంది. మద్కూర్ పేరు వచ్చింది. గొంతులిచ్చినవాళ్ళ పేర్లు సగం వచ్చాయి. అంతలో తెర మారిపోయింది. నెయ్యి డబ్బా చుట్టూ ఎవరో గంతులేస్తూ పాడుతున్నారు. ఛానెల్ వాళ్ళు ప్రకటన కోసం పేర్లు కోసేశారు. నా పేరు చాలా కింద ఉంటుందని మాకు స్టూడియోలో ముందే చెప్పారు.

అమ్మ నా వంక చూసింది. నేను పళ్ళెంలోకి చూస్తున్నాను.

నాన్న లేచాడు. మంచం కోడు పట్టుకుని, మోకాళ్ళు సాగదీసుకుని లేచాడు. టీవీ దగ్గరికి వెళ్ళి తెర కింద మూల మీద వేలు పెట్టాడు.

"ఇదుగో, ఇక్కడ" అన్నాడు. "వగ్దీ బయ్యూమీ. మీరెవరూ చూడలేదా?"

"గబుక్కున పోయింది మామా" అన్నాడు మంగలి, నాన్న మొహంలోకి చూసి.

"గబుక్కున పోయినా నేను చూశాను. మూడో వరసలో. తప్పుల్లేకుండా రాశారు."

అందరూ అవునవునన్నారు. పైవాటా అవ్వ తను కూడా చూశానంది. ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు.

ముప్పై సాయంత్రాలు వచ్చింది ఆ సీరియల్. ముప్పై సాయంత్రాలూ ఆ పేర్ల దగ్గరే కోసేశారు. ముప్పై సాయంత్రాలూ మా నాన్న కళ్ళజోడు తుడుచుకుని కూర్చుని, నా పేరు చూశాడు.